కొండ మీది ముడుపు

మా అన్న మనవరాలికి ఈ మధ్య ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్ ఉద్యోగం వచ్చింది. చేరేముందు నా దగ్గరికి వచ్చి, రూల్సు పుస్తకం మొత్తం చదివేశాను అమ్మమ్మా, ఇంకేం చదవాలి అని అడిగింది. చదవడానికేం లేదు, చూడడం నేర్చుకో అన్నాను. అది నవ్వి ఊరుకుంది. ముసలివాళ్లు ఇలాంటివి చెబుతూనే ఉంటారని ఆ నవ్వుకు అర్థం. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నారు. అందుకని చెప్పడం మాని రాయడానికి కూర్చున్నాను. చదివితే చదువుతుంది, లేకపోతే లేదు.

నేను ఉర్దూలో చదువుకుని, సుల్తానాబాద్ బడిలో ఉర్దూలోనే పాఠాలు మొదలుపెట్టి, నిజాం పోయి ప్రభుత్వం మారాక అవే పాఠాలు తెలుగులో చెప్పడం నేర్చుకున్నదాన్ని. తర్వాత జగిత్యాలలో ఆడపిల్లల హాస్టల్ పెట్టినప్పుడు నన్ను మేట్రన్‌గా వేశారు. భర్త లేనిది, పిల్లలు లేనిది, రాత్రింబవళ్లు అక్కడే పడి ఉంటుందని వేశారు. వాళ్లు అనుకున్నది నిజమే. పడి ఉన్నాను. మేట్రన్ అయినా పిల్లలు నన్ను చివరిదాకా పంతులమ్మా అనే పిలిచారు.

మొదటిరోజు అడగకూడని మాట

హాస్టలంటే మేడలు ఊహించుకోవద్దు. ఒక షావుకారు పాత ఇల్లు అద్దెకు తీసుకున్నాం. వానొస్తే చాపలు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మోసుకుపోయేవాళ్లం. బొగ్గుబాయిలలో పనిచేసేవాళ్ల పిల్లలు కొందరు, చుట్టుపక్కల పల్లెల పిల్లలు కొందరు. ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల తల్లిని తలుచుకున్నప్పుడల్లా "ఆయీ" అని ఏడిచేది, మిగతావాళ్లు "అవ్వా" అని ఏడిచేవాళ్లు. ఏడుపు మాత్రం అన్ని జిల్లాలదీ ఒకటే.

కొత్తగా వచ్చిన పిల్లను పెద్దవాళ్లు మొదట అడిగేది, మీ ఇల్లెక్కడ అని. ఇల్లున్న పిల్లకు అది పలకరింపు. లేని పిల్లకు పరీక్ష. ఈ సంగతి నాకు గంగమణి వల్ల తెలిసింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండు మూడేళ్లయి ఉంటుంది. వానాకాలం మొదట్లో, కొండగట్టు కింది పల్లెలో బడి నడిపే రాజేశం పంతులు ఈ గంగమణిని వెంటబెట్టుకుని వచ్చాడు. పదమూడేళ్లుంటాయి, రివటలా ఉంది. ఏడో తరగతి పాసయింది. ఇల్లెక్కడ బిడ్డా అని అడిగితే కొండగట్టు అంది. అక్కడ ఎవరింట్లో అంటే, "దేవునింట్ల" అంది. పొగరనుకున్నాను. పంతులు నన్ను పక్కకు పిలిచి చెప్పాక తెలిసింది, ఆ పిల్ల ఉన్నమాటే చెప్పిందని.

తండ్రి బొగ్గుబాయి పనికి పోయి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. అదే ఏడు ఇంట్లో చిన్న పిల్లవాడు జ్వరమొచ్చి పోయాడు. తల్లి నర్సవ్వకు మతి తప్పింది. తినదు, పడుకోదు, కూతుర్ని చూసి నువ్వెవరని అడుగుతుంది. మతి తప్పినవాళ్లను కొండగట్టుకు తీసుకొచ్చి, అంజన్న సన్నిధిలో మండలం రోజులు ఉంచడం మావైపు ఎప్పటినుంచో ఉన్నదే. నర్సవ్వ బావ, అంటే భర్తకు అన్న, తల్లినీ పిల్లనూ కొండకు తెచ్చి, ముడుపు కట్టి, కొన్నాళ్లుండి, బియ్యం తెస్తానని వెళ్లాడు. రెండు వానాకాలాలు పోయాయి. బియ్యమూ రాలేదు, బావా రాలేదు.

తల్లీకూతుళ్లు యాత్రికులు దిగే వసారాలోనే ఉండిపోయారు. గంగమణి వచ్చినవాళ్ల వంటగిన్నెలు తోమి, వాళ్లు పెట్టింది తల్లికి పెట్టి, తను తిని, కొండ దిగి బడికి వచ్చేది. బడి వదలగానే కొండ ఎక్కేది. రాజేశం పంతులు చూసి చూసి ఇక్కడికి తెచ్చాడు.

"తల్లిని మేమిందరం ఉన్నం, చూసుకుంటం. గీ పిల్ల సదువు ఆగితె మాత్రం ఇది గా కొండ మీదనే ముసల్దయితది, పంతులమ్మా," అన్నాడు.

సీటిచ్చాను.

రొట్టెలు

వారం తిరగకముందే వంటమనిషి ఎల్లవ్వ ఫిర్యాదు తెచ్చింది. కొత్తపిల్ల పొద్దటి జొన్నరొట్టె సగమే తిని, మిగతా సగం బట్టల మడతల్లో దాస్తుందట. చీమలు పడుతున్నాయట.

ఈ ఉద్యోగంలో చేరేవాళ్లకు చెబుతున్నాను, ఆకలి చూసిన పిల్లలు అన్నం దాస్తారు. రేపు కూడా పెడతారన్న నమ్మకం కడుపుకు కుదరాలి, అది మాటలతో కుదరదు. తిట్టొద్దు, వెతకొద్దు, దాచుకోవడానికి ఒక డబ్బా ఇవ్వండి. కొన్నాళ్లకు వాళ్లే మానేస్తారు. ఎల్లవ్వతోనూ అదే అన్నాను. ఆమెకు నచ్చలేదు, అయినా మూతున్న డబ్బా ఒకటి వెతికి ఇచ్చింది.

గంగమణి మానలేదు. పైగా గురువారం పొద్దున పిల్ల లేదు, డబ్బాలో రొట్టెలూ లేవు. చీకటిపడే వేళకు కాళ్లనిండా దుమ్ముతో తిరిగి వచ్చింది. ఎక్కడికి పోయావంటే నోరు విప్పదు. పై గురువారం మళ్లీ అంతే. బడిలో హెడ్మిస్ట్రెస్ కబురు పెట్టింది, మీ పిల్లకు గురువారం గురువారం ఏం పండగ అని. అందరం ఒకటే అనుకున్నాం. కొండమీది జనం, ప్రసాదం, ఎవరో చేతిలో పెట్టే పైసా, ఆ రుచి మరిగిన పిల్ల నాలుగు గోడల మధ్య ఉంటుందా అని.

అలాంటి ఒక గురువారమే మా జిల్లా అధికారి తనిఖీకి వచ్చాడు. గుంటూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చినాయన. ఆయన "కూర్చోండి" అంటే, తననే అంటున్నాడని తోచక ఎల్లవ్వ వెనక్కి తిరిగి చూసేది. మనిషి కోపిష్టి కాదు, కానీ రూలు దగ్గర దారమంత కూడా జరగనిచ్చేవాడు కాదు. గంగమణి చాప ఖాళీగా ఉండడం చూశాడు, ఇది మొదటిసారి కాదని తెలుసుకున్నాడు.

"చూడండమ్మా, సీటంటే ప్రభుత్వం ఒక పిల్లకి ఇచ్చిన ఇల్లు. ఆ పిల్ల అందులో ఉండకపోతే, ఉండే పిల్లకి ఇవ్వాలి కదా. బయట ఎంతమంది ఎదురు చూస్తున్నారో మీకు తెలుసు," అన్నాడు. దసరా సెలవుల తర్వాత మళ్లీ వస్తానని, అప్పటికీ ఇదే తీరైతే పేరు కొట్టేస్తానని చెప్పి వెళ్లాడు.

ఆయన చెప్పింది తప్పు కాదు. మీకు కూడా ఇలాంటి అధికారులు వస్తారు. వాళ్లను తిట్టుకుంటూ కూర్చోకండి. కరుణ గలవాడని పేరున్న అధికారి ఒకాయన అంతకుముందు ఉండేవాడు, కళ్లలో నీళ్లు పెట్టుకునేవాడు, ఊరు దాటగానే మరిచిపోయేవాడు. ఈయన దేనికీ కన్నీళ్లు పెట్టడు, ఒకసారి విన్నది మరవడు. నన్నడిగితే రెండోవాడే నయం.

గురువారాలు

పై గురువారం తెల్లవారకముందే నేను లేచి గడప దగ్గర కూర్చున్నాను. గంగమణి రొట్టెల మూటతో వచ్చి, నన్ను చూసి నిలబడిపోయింది. నేను తిడతానని చూసింది. పద, నేనూ వస్తాను, ఇవ్వాళ బస్సులో పోదాం అన్నాను. బస్సులో సగం దూరం వెళ్లాక మెల్లగా నోరు విప్పింది.

"మంగళారం, శనారం కొండకు జనమొస్తరు పంతులమ్మా. అవ్వకు ఎవలో ఒకలు ఇంత పెడ్తరు. కడమ దినాలు ఎవ్వలు రారు. బుధారం దాకా ఎట్లనో అట్ల ఎల్తది. బేస్తారం నేను పోకుంటె శనారం దాకా అవ్వ ఉపాసమే."

జనం కోసం పోయే పిల్లయితే శనివారం పోవాలి కదా, ఎవరూ లేని రోజున పోతుందేమిటని మాలో ఒక్కరికీ తట్టలేదు. రాజేశం పంతులు చూసుకుంటామన్నది మంచి మనసుతోనే. కానీ అందరూ చూసుకుంటామన్న చోట, ఎవరి మట్టుకు వాళ్లు పక్కవాళ్లు పెట్టి ఉంటారనుకుంటారు.

కొండ మీద నేను మతి తప్పిన మనిషిని చూస్తాననుకున్నాను. వసారా శుభ్రంగా ఊడ్చి ఉంది. కోతులు చెదరగొట్టిన కొబ్బరి చిప్పలను ఒక మూలకు తోస్తూ నర్సవ్వ కనిపించింది. తల దువ్వుకుని ఉంది. చీర పాతదే, ఉతికిన చీర. కూతుర్ని చూసి, బడి ఎగ్గొట్టి మళ్లీ వచ్చావా అని కసిరింది. నేనెవరో తెలుసుకుని, పిల్ల సరిగ్గా తింటుందా, పక్కపిల్లలతో పోట్లాడుతుందా, తలలో పేలు పడ్డాయా అని వరసగా అడిగింది. ఏ తల్లయినా అడిగే ప్రశ్నలే.

అక్కడి పూజారిని అడిగితే, ఆమె బాగుపడి ఏడాది దాటిందని, దిగి వెళ్లమని తామూ చెప్పి చెప్పి విసిగిపోయామని అన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ ఇద్దరూ ఎప్పుడో ఇచ్చేశారు.

మరి ఎందుకు దిగవమ్మా అంటే, నర్సవ్వ ముడుపులు కట్టే చోటు చూపించింది. వానలకు నాని, ఎండలకు ఎండి, పసుపు రంగంతా పోయిన ఒక చిన్న గుడ్డ మూట.

"మా బావ కట్టిండు. కట్టినోడే ఇప్పాలె పంతులమ్మా. అది ఇప్పకుంట నేను దిగితె నా పోరికి తాకుతది. ఒక్కన్ని పోగొట్టుకున్న. దీన్ని గూడ పోగొట్టుకుంటనా?"

నేను చదువుకున్నదాన్ని, అలాంటిదేం లేదమ్మా అని చెప్పవచ్చు. చెప్పలేదు. పిల్లవాణ్ణి మట్టిలో పెట్టిన తల్లికి ఆ మాట చెప్పే ధైర్యం నాకు లేదు, ఇప్పటికీ లేదు. ఆమె కొండమీద ఉన్నది పిచ్చితో కాదు. కూతురికేమవుతుందోనన్న భయంతో.

గడ్డి నింపిన అర్ర

రాజేశం పంతుల్ని తోడు తీసుకుని ఆ బావగారి ఊరికి పోయాను. గంగమణికి పెద్దబాపు అతను. మర్యాద తెలిసినవాడు. మంచం వాల్చాడు, చల్ల ఇప్పించాడు. ముడుపు విప్పడానికి ఒక్కపూట రావాలని అడిగితే, నాట్లయినంక వస్తనన్నాడు. నాట్లయిపోయాయి కదా అని పంతులు అంటే, కోతలయినంక అన్నాడు. మాట్లాడుతున్నంతసేపూ నేను వాకిలికి అవతలున్న గదిని చూస్తున్నాను. తమ్ముడి అర్ర అని పంతులు ముందే చెప్పాడు. తలుపు లేదు, పైకప్పు దాకా పశువుల గడ్డి నింపి ఉంది.

నర్సవ్వకు పూర్తిగా నయమైందని, పూజారి కూడా చెప్పాడని నేను అన్నాను. అతను చల్ల ముంత కింద పెట్టాడు.

"ఆమె మతి మంచిగయిందని ఎవలు జెప్పినా నేను నమ్మ. ఆమె ఆడ ఉన్నదే మంచిది," అన్నాడు.

అతను రాక్షసుడని నేననుకోను. మొదట నిజంగానే బియ్యం తెద్దామనుకుని ఉంటాడు. ఆ నెల కుదరలేదు, పై నెల కుదరలేదు. ఈలోపు గదిలో గడ్డి వేశాడు, తమ్ముడి చెలక దున్నాడు. ఆమె పిచ్చిదిగా కొండమీద ఉన్నంతకాలం అవి తనవి. బాగుపడి దిగితే పంచివ్వాలి. మనుషులు ఒక్కరోజులో చెడిపోరు, మెల్లగా అలవాటుపడతారు. పంచాయితీ పెట్టిద్దామని పంతులు అన్నాడు. పెట్టించవచ్చు. తేలడానికి ఏళ్లు పడుతుంది. గంగమణి చేతిలో ఉన్నది దసరా దాకానే. బొగ్గుబాయిలో ఉన్న తండ్రికి పంతులు అంతకుముందే కబురు పంపాడు, తన కొత్త సంసారానికే చాలడం లేదని జవాబు వచ్చింది.

ఊళ్లో ఒకరిద్దరు నాకు సలహా చెప్పారు, పిల్లకు పెళ్లి చేస్తే ఓ ఇంటిదవుతుందని. పదమూడేళ్ల పిల్లకు ఇల్లు కావాలంటే మనవాళ్లకు తోచేది అదొక్కటే.

నిజం చెప్పడం

హాస్టల్‌కు వచ్చాక గంగమణికి ఏం చెప్పాలా అని రెండు పూటలు ఆలోచించాను. పెద్దబాపు వస్తాడులే, నువ్వు చదువుకో అనడం సులువు. పిల్లలకు అబద్ధం చెబితే మనకు ఆ పూట గడుస్తుంది, వాళ్లకు ఏళ్లు పోతాయి. అప్పటికే ఆ పిల్ల రెండేళ్లు వస్తాడులే అన్న మాట మీద బతికింది. అందుకని కూర్చోబెట్టి చూసింది చూసినట్టు చెప్పాను, గడ్డి సంగతితో సహా. మీ పెద్దబాపు రాడు బిడ్డా అన్నాను.

ఏడుస్తుందనుకున్నాను. చేతిలో ఉన్న పళ్లెం కడిగింది, బోర్లించింది, వెళ్లి పుస్తకం ముందు కూర్చుంది. పేజీ మాత్రం తిప్పలేదు. బుధవారం సాయంత్రం నా దగ్గరికి వచ్చింది. అంతవరకు ఎప్పుడూ చెప్పి పోని పిల్ల, రేపు పోతానని చెప్పడానికి వచ్చింది. "నువ్వు గూడ రా పంతులమ్మా" అంది.

కొండ ఎక్కి, తిన్నగా పూజారి దగ్గరికి పోయి, ముడుపు ఎవరు విప్పాలని అడిగింది. ఆయన ముసలాయన, నెమ్మదస్తుడు. ఇంటిపెద్ద విప్పాలమ్మా అన్నాడు.

"మా ఇంటికి పెద్దను నేనే," అంది గంగమణి.

పూజారి నావైపు చూశాడు. నేను తల ఊపాను. ఏ అధికారంతో ఊపానో నాకే తెలియదు. ఆయన, ఎవరు కూడు పెడుతున్నారో వాళ్లే పెద్ద, విప్పుకోండి అన్నాడు.

నర్సవ్వ పరుగున వచ్చి కూతురి చెయ్యి పట్టుకుంది. వద్దంది. నీకేమన్నా అయితే నేను బతకనంది.

"ఏమయితదే అవ్వా? ఉండెతందుకు జాగ లేకపాయె. తినెతందుకు తిండి లేకపాయె. నువ్వు ఈడ, నేను ఆడ. ఇంతకంటె ఇంకేమయితది?"

నర్సవ్వ చెయ్యి వదిలింది, కానీ పక్కనే నిలబడి పైటకొంగు నోట్లో కుక్కుకుంది. గంగమణి ముడి మీద చేతులు వేసింది. రెండు వానాకాలాలు తడిసి బిగుసుకుపోయిన ముడి, రాయిలా ఉంది. లాగింది, గిల్లింది, పంటితో పట్టింది. రావడం లేదు. నా హాస్టల్లో ఆదివారం ఆదివారం పిల్లలందరికీ గోళ్లు కత్తిరించడం రూలు. నేనే దగ్గర కూర్చుని కత్తిరించేదాన్ని. గంగమణి వేళ్లకు గోరన్నది లేదు. సిగ్గుతో నాకు ముఖం తిప్పుకోవాలనిపించింది.

నర్సవ్వ చూస్తూ నిలబడింది. కాసేపు చూసింది. ఇంకాసేపు చూసింది. కూతురు వేలు గీసుకుని రక్తం చిమ్మేసరికి ఇక పట్టలేకపోయింది.

"జరుగు. నీకు శాతగాదు," అని కూతుర్ని పక్కకు తోసి, తనే ముడి పట్టుకుంది. గిన్నెలు తోమి, చీపురు పట్టి మొద్దుబారిన వేళ్లు. రెండుసార్లు అటూ ఇటూ తిప్పింది, ముడి వదులైంది. విప్పిన తర్వాత కానీ తను విప్పినట్టు ఆమెకు తెలియలేదు. ఆ గుడ్డ చేతిలో పట్టుకుని కూతుర్ని పైనుంచి కిందిదాకా తడిమి చూసింది. పిల్ల నిక్షేపంగా ఉంది. అప్పుడు ఇద్దరూ ఏడ్చారు, నేను కూడా ఏడ్చాను. దాచడానికేముంది.

ముడుపు హుండీలో వేసి, కొబ్బరికాయ కొట్టి, మధ్యాహ్నం బస్సుకు ముగ్గురం జగిత్యాల వచ్చేశాం.

తర్వాత

హాస్టల్లో పిల్లలు తప్ప వేరేవాళ్లు ఉండకూడదు. నర్సవ్వను ఎల్లవ్వ గదిలో ఉంచాను, నా వంతు అన్నంలో పెట్టాను. ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు. బియ్యం ఏరేది, నీళ్లు తోడేది, పిల్లల తలలు దువ్వేది. ఎల్లవ్వ మొదట్లో తన వంటిల్లు ఎవరో లాక్కున్నట్టు మూతి ముడుచుకుంది. తర్వాత ఇద్దరూ కలిసి నన్నే ఆడించారు.

దసరా తర్వాత అధికారి అన్నమాట ప్రకారం వచ్చాడు, గురువారమే చూసుకుని మరీ వచ్చాడు. గంగమణి బడిలో ఉంది. వంటింటి ముందు చేట పట్టుకుని కూర్చున్న నర్సవ్వను చూసి ఎవరని అడిగాడు. మొదటినుంచి చివరిదాకా చెప్పాను. ఆయన పిల్లల పంక్తిలో కూర్చుని తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, "ఈసారి అన్నంలో రాళ్లు తగల్లేదండీ. వంటకి ఇంకో మనిషి కావాలని ఒక అర్జీ పెట్టండి, నేనూ రాస్తాను," అన్నాడు. రాశాడు కూడా. ఆ ఏడు చివరికి నర్సవ్వకు జీతం వచ్చింది.

గంగమణి గొప్ప తెలివిగల పిల్ల ఏం కాదు. అలా రాస్తే కథ బాగుంటుంది కానీ అబద్ధమవుతుంది. లెక్కల్లో గట్టి, ఇంగ్లీషులో మొద్దు. మెట్రిక్ ఇంగ్లీషులో ఒకసారి తప్పింది, కూర్చుని మళ్లీ రాసింది. తర్వాత పంతులమ్మల ట్రైనింగు. ఆదిలాబాద్ జిల్లా బోథ్ దగ్గర పల్లెలో ఉద్యోగం వచ్చింది. చేరేరోజు తల్లిని వెంటబెట్టుకునే పోయింది.

మరుసటేడు నేను ఏదో పనిమీద ఆదిలాబాద్ వెళ్లి, బోథ్ బస్సెక్కి, దారి అడుగుతూ ఆ ఇల్లు పట్టుకున్నాను. ఒక గది, ముందు చిన్న వసారా, గూనపెంకల కప్పు. గంగమణి ఇంకా బడినుంచి రాలేదు. నర్సవ్వ చెంబుతో కాళ్లకు నీళ్లిచ్చింది, పీట వేసింది. నేను చూసి పోదామని వచ్చానని, ఇంకాసేపట్లో తిరుగు బస్సు ఉందని, అది పోతే మళ్లీ రేపేనని చెప్పాను. ఆమె విననట్టే పళ్లెం తెచ్చి నా ముందు పెట్టింది. అన్నం, పప్పు, పచ్చిపులుసు. నేను మళ్లీ బస్సు సంగతి ఎత్తాను.

"పంతులమ్మా, గిన్నేండ్లు నేను ఎవలో పెట్టిందే తిన్న. కొండ మీద తిన్న, నీ కాడ తిన్న. ఇయ్యాల నువ్వు నా ఇంటికొచ్చినవ్. నేను పెడ్తె తినకుంట పోతవా?" అంది.

తింటూ ఉండగానే రోడ్డు మీద బస్సు హారన్ వినిపించింది. నర్సవ్వ నా ముఖంలోకి చూసింది. ఇంకొంచెం అన్నం వడ్డించమని పళ్లెం ముందుకు జరిపాను.